తానే ఎత్తుకొని తానే దించు బండి

1753వ సంవత్సరమున దక్కను సుబేదారు సలాబతుజంగు, తన కొలువులోని ఫ్రెంచి సేనాని బుస్సీ నడుపు పటాలముల జీతబత్తెములకుగాను ముస్తఫానగరము, ఏలూరు, రాజమహేంద్రవరము, శ్రీకాకుళము అను నాలుగు సర్కారుల రాబడిని ఒప్పగించెను. అరసవల్లి సూర్యనారాయణస్వామి కోవెల వెలసిన ఈ నాగావళీతీర సీమ ఆ విధముగా ఒక పరదేశ సైన్యము తినుటకును నడచుటకును ఆధారమయ్యెను. అయిదేండ్లు గడచునప్పటికి రాజకీయము తలక్రిందులయ్యెను. 1758 డిసెంబరులో విజయనగర ప్రభువు ఆనంద గజపతిరాజు సాయముతో కర్నల్ ఫోర్డు చందుర్తి కడ ఫ్రెంచివారిని ఓడించెను గాని, గెలిచిన వెంటనే బందరుపైకి దూకవలసిన ఆ సేన, రాజుగారు ఇచ్చెదమన్న ధనము సకాలమున చేతికందక, వారముల తరబడి నిలిచిపోయెను. బందరుకోట పట్టుబడుటకు మరుసటి యేటి ఏప్రిల్ వరకు పట్టినది. ఒక్క పూటలో తేలిపోయిన యుద్ధమునకు వెనుక అంత నిరీక్షణము వచ్చుటకు కారణము శౌర్యలోపము గాదు, సరఫరాలోపము.

సైన్యపు సరఫరాను గూర్చి మాటలాడునప్పుడు మన దృష్టి సాధారణముగా రెండింటిమీదనే నిలుచుచుండును: సరకు ఎంత గలదు, దారి ఎంత దూరము గలదు అని. ఈ రెంటికి నడుమ మూడవది యొకటి గలదు. సరకును నేలమీదినుండి బండిమీదికెత్తుట, బండిమీదినుండి మరల నేలకు దించుట. బరువు మోయు సమస్యను ఎద్దు కొంత, ఆవిరియంత్రము కొంత, డీజిలు ఇంజను మరికొంత తీర్చినవి గాని, బరువునెత్తు సమస్య మాత్రము ఇరువదవ శతాబ్ది చివరివరకును చాలవరకు మనుష్యుని వెన్నుమీదనే నిలిచియుండెను. తన సరకును తానే ఎత్తుకొని, గమ్యమున తానే దించి పోగల సైనికశకటములు వచ్చిన పిమ్మటనే ఆ సమస్యకు ఒక పరిష్కారము దొరికినది. ఈ శకటములు మనకెంతవరకు అవసరము, ఎక్కడ అనవసరము, ఎట్టి యేర్పాట్లు లేనిచో నిష్ప్రయోజనము అను విషయమును విచారించుట ఈ వ్యాసపు ఉద్దేశము.

మొగలుల దక్షిణదండయాత్రల కాలమునుండి 1799లో శ్రీరంగపట్నము ముట్టడి వరకు దక్కనులో నడచిన ప్రతి పెద్దసేనకును ధాన్యమందించినవారు బంజారాలు, అనగా మన లంబాడీలు. శాంతికాలమున వీరు తూర్పుతీరపు కొఠార్లలో ఉప్పు కొని, మన్యపు కనుమలు దాటి, లోనాడులకు చేర్చి అక్కడి ధాన్యముతో తిరిగివచ్చెడివారు. యుద్ధకాలమున అవే పెరికెద్దులు సేనల వెంట నడిచెడివి. ఎద్దు వీపునకు ఇరువైపుల వ్రేలాడు జంటగోనెలే వారి సామానుపెట్టెలు. అయితే బరువు మోయు పశువు రాత్రివేళ బరువుతో నిలువజాలదు. సాయంకాలము బిడారు దిగిన చోట ప్రతి యెద్దు గోనెను దించి, వానిని చుట్టును గోడవలె పేర్చి, తెల్లవారుజామున మరల ఒక్కొక్క దానినే యెత్తి కట్టవలసియుండెను. వేల సంఖ్య గల మందలో ఈ పని దినదినమును రెండు మారులు జరుగుచుండగా, పగటి ప్రయాణము కొద్ది క్రోసులకే పరిమితమగుటలో వింత యేమున్నది? ఎద్దు నడకను ఎవరును వేగిరపరుపలేరు గాని, దినములో గణనీయమైన భాగము నడకకు గాక ఎత్తుబడికిని దింపుబడికిని పోవుచుండెనన్నది గమనింపదగిన విషయము.

మోటారుయుగము వచ్చినంతమాత్రమున ఈ లెక్క మారలేదు. 1944 ఆగష్టు చివర నార్మండీ తీరమునుండి ముందుకురికిన అమెరికను సేనలకు ఇంధనము, గుండ్లు, ఆహారము అందించుటకు రెడ్‌బాల్ ఎక్స్‌ప్రెస్ అను పేర ప్రత్యేక లారీమార్గమొకటి యేర్పరచిరి. పరాకాష్ఠదశలో సుమారు 6,000 లారీలు రేయింబవళ్లు నడచినవి; డ్రైవర్లలో అత్యధికులు నల్లజాతి సైనికులు. దారిపై ఇతర వాహనములను రానీయక మార్గమునంతను వానికే విడిచిరి గాని, ఆ చివర ఈ చివర డిపోలలో సరకెక్కించుకొనుటకును దించుటకును లారీలు బారులు తీరి నిలుచుట తప్పలేదు. మార్గమున సంపాదించిన వేగమును డిపో ముంగిట పోగొట్టుకొనుట యను ఈ వ్యథ, అనంతర కాలమున యుద్ధసరఫరా శాస్త్రజ్ఞులను వేధించిన ప్రశ్నలలో ముఖ్యమైనది.

దీనిని గ్రహించుటకు నార్మండీ దాక పోనక్కరలేదు. అరసవల్లి పరిసరములలో ఏ బియ్యపు గిడ్డంగి యెదుటనైనను లారీ వెనుక తలుపు దించిన వేళ కొంతసేపు నిలిచి చూచిన చాలును. తలగుడ్డను బిగించి, మెడమీద మడత పెట్టిన గోనె వేసికొని కలాసీ వెన్ను వంచి నిలుచును. లారీపైనున్న ఇద్దరు బస్తా చెవులు పట్టి యెత్తి అతని మూపున ఉంచుదురు. అతడు చిన్న చిన్న అడుగులతో, దాదాపు పరుగువంటి నడకతో లోపలికి పోయి, చెక్కబల్ల యెక్కి, బస్తాల వరుసమీద దానిని జారవిడిచి, చెమట తుడుచుకొనుచు మరల వచ్చి వంగును. బస్తా 50 కిలోలు. పది టన్నుల లారీ యనగా 200 బస్తాలు. అనగా 200 మారులు ఒక మనుష్యుని వెన్ను వంగి లేవవలెను. మిల్లునుండి గిడ్డంగికి, గిడ్డంగినుండి చౌకదుకాణమునకు చేరునప్పటికి ఒక్కొక్క బస్తా ఎన్నిమారులు ఎక్కి దిగునో లెక్క వేసికొనవచ్చును. వయోజనుడైన పురుష కార్మికుడు చేతులతో నెత్తు బరువు 55 కిలోలకు మించరాదని అంతర్జాతీయ కార్మికసంస్థ 1967లో సిఫారసు చేసినది. మన కలాసీ ఆ హద్దునకు అయిదు కిలోల ఇవతల నిలిచి, దినమెల్ల ఆ పనియే చేయుచున్నాడు.

155 మిల్లీమీటరుల ఫిరంగిగుండు బరువు ఇంచుమించుగా ఒక బియ్యపు బస్తా బరువే. 43 నుండి 45 కిలోల వరకుండును. ఒక ఫిరంగి రెజిమెంటులో 18 ఫిరంగులుండునని, ఒక్కొక్కటి నూరేసి గుండ్లు ప్రయోగించినదని అనుకొందము. 1,800 గుండ్లు, బరువు 80 టన్నులకు దరిదాపు. మందుగుండు సంచులు, ఫ్యూజులు, పెట్టెలు ఈ లెక్కలో చేరలేదు. 1999లో కార్గిలు పోరునందు మన ఫిరంగిదళము ప్రయోగించిన గుండ్లు, రాకెట్లు, బాంబులు రెండున్నర లక్షలకు పైబడినవని ప్రకటితమైనది. ఆ ప్రతి గుండును కార్ఖానానుండి రైలుపెట్టెకు, రైలుపెట్టెనుండి డిపోకు, డిపోనుండి లారీకి, లారీనుండి ఫిరంగి ప్రక్కకు చేరునప్పటికి అనేక పర్యాయములు మానవహస్తములు ఎత్తి దించినవి. శత్రువుపై గురిపెట్టవలసిన సైనికుడు కలాసీ పని చేయుచున్నంతసేపును అతడు సైనికుడు గాడు. అంతేగాక, సరకు దించువరకు కదలజాలని లారీ శత్రుదృష్టికి నిలువెత్తు గురి.

ఈ చిక్కునకు తొలి పరిష్కారము సైన్యమునుండి గాక వర్తకమునుండి వచ్చినది. 1956 ఏప్రిల్ 26న మాల్కం మెక్లీన్ అను అమెరికను లారీ వ్యాపారి 58 ఉక్కుపెట్టెలను 'ఐడియల్ ఎక్స్' అను ఓడపై నెక్కించి న్యూఆర్కునుండి హ్యూస్టనుకు పంపెను. సరకును గాక, సరకున్న పెట్టెనే యెత్తవలెనను ఈ యూహ పదేండ్లలో వియత్నాం యుద్ధమునకు చేరినది. రేవులలో నెలల తరబడి ఓడలు నిలిచిపోవుచున్న దుస్థితిలో 1967 తరువాత కంటైనర్లు ఆ రద్దీని కొంత తగ్గించినవి. మన విశాఖ రేవులో కంటైనర్ల ప్రత్యేక టెర్మినలు 2003లో పని ప్రారంభించినది. ఐతే కంటైనరునకు ఒక లోపము గలదు: దానిని దించుటకు గమ్యస్థానమున గొప్ప క్రేను కావలెను. రేవులో క్రేను ఉండును. పొలముగట్టున, కొండవాలున, వరద తీసిన గ్రామపు పొలిమేరన ఎవరు తెచ్చి నిలుపుదురు?

స్వయంభారవాహక శకటము ఈ ప్రశ్నకు సమాధానము. దాని పనితీరును దగ్గరనుండి చూతము. లారీ చట్రముపై సాధారణముగా నుండవలసిన తొట్టి దీనికుండదు. దానికి మారుగా మోచేతివలె వంగిన బలిష్ఠమైన ఉక్కుబాహువు, దాని కొసన కొక్కెము ఉండును. సరకు ఫ్లాట్‌రాక్ అను ఉక్కుబల్లపై ముందుగానే పేర్చి, బెల్టులతో బిగించి, నేలమీద సిద్ధముగా నుంచబడును. బల్లకు ఒక కొసన నిలువు చట్రము, దానికి అడ్డముగా ఒక కడ్డీ యుండును. డ్రైవరు లారీని వెనుకకు నడిపి బల్లకు తిన్నగా నిలుపును. బాహువు వెనుకకు వాలి కొక్కెము కడ్డీని పట్టును. చమురు పీడనముతో సిలిండర్లు బాహువును ముందుకు లాగగా, మొదట బల్ల ముందుకొస పైకి లేచి, వెనుకకొస నేలపై ఈడ్చుకొనుచు వచ్చి, చట్రము చివరనున్న రోలర్లపై కెక్కి, మెల్లగా జారి తన స్థానమున కూర్చుండి తాళము పడును. పది పదిహేను టన్నుల బరువు ఈ విధముగా కొద్ది నిమిషములలో, డ్రైవరు తన గది దిగకుండగనే, లారీపైకెక్కును. దించునప్పుడు ఇదంతయు వెనుకనుండి ముందుకు జరుగును. లారీ ఖాళీయై తత్క్షణమే మరొక బల్లకై పోవును.

ఇందలి అసలు రహస్యము బాహుబలములో లేదు. సరకునకును బండికిని గల ముడిని విప్పివేయుటలో నున్నది. సాధారణ లారీ తన సరకు దిగువరకు బందీ. ఈ లారీ బల్లను విడిచి పోవును; బల్లయే తాత్కాలికపు గిడ్డంగి యగును; దానిమీది సరకును సైనికులు తమకు వీలైన వేళ తీసికొందురు. అందుచేత పది బల్లలకు పది లారీలు అక్కరలేదు. దారి దూరమును బట్టి రెండు మూడు లారీలే పది బల్లలను త్రిప్పుచుండగలవు. పై లెక్కలోని 80 టన్నుల గుండ్లు అయిదు టన్నుల లారీలకు పదహారు సవారీలు. పదిహేను టన్నుల బల్లలకైనచో ఐదారు మాత్రమే. పైగా ప్రతి సవారీ చివరను లారీ నిలిచియుండు కాలము గంటలనుండి నిమిషములకు దిగును. లారీల సంఖ్య తగ్గిన డ్రైవర్ల సంఖ్య, ఇంధనము, శత్రువు కంటబడు బారు పొడవు అన్నియు తగ్గును.

ఈ పద్ధతిని భారీయెత్తున మొదట అనుసరించినవి బ్రిటిషు, అమెరికను సేనలు. 1990 ప్రాంతమున బ్రిటిషు సైన్యములో ప్రవేశించిన డ్రాప్స్ లారీలు ఎనిమిది చక్రములతో పదిహేను టన్నుల బల్లను మోయునట్టివి. వీనిని ముఖ్యముగా లేలాండ్ కంపెనీ తయారుచేయగా, ఫోడెన్ కంపెనీ మరికొన్నింటిని అందించినది. జర్మనీ మైదానములలో ఫిరంగులకు గుండ్లను ఎడతెగక అందించుట వాని ప్రధానోద్దేశము. అమెరికాలో ఆష్కాష్ కంపెనీతో 1990లో ఒప్పందము కుదిరి తయారైన పి.ఎల్.ఎస్. లారీ పది చక్రములకును ఇంజను బలమందు వాహనము. అదియును పదిహేను టన్నులే మోయును గాని, వెనుక తగిలించిన ట్రెయిలరుపై మరొక పదిహేను టన్నుల బల్లను ఈడ్చును. అనగా ఒక్క ఇంజను, ఇద్దరు మనుష్యులు, ముప్పది టన్నులు. అదనపు పరికరమును అమర్చినచో ఇరువది అడుగుల ఓడకంటైనరును బల్ల లేకుండగనే నేరుగా ఎత్తుకొనగలదు.

ఐనను యంత్రమొక్కటియే సర్వసిద్ధిప్రదాయిని యని భ్రమపడరాదు. 1991 గల్ఫ్ యుద్ధమున అమెరికను సేనలకై దాదాపు 40,000 కంటైనర్లు సౌదీ అరేబియాకు చేరినవి. వానిలో ఏది యెందున్నదో తెలియక సగమునకు పైగా తెరచి చూడవలసివచ్చినది. ఎత్తగల శక్తి యుండియు, ఏమి యెత్తుచున్నామో తెలియనిచో, వేగము పెరిగినకొలది గందరగోళమే పెరుగును. రెండవ చిక్కు ఖాళీబల్లలది. ముందునకు పోయిన ప్రతి బల్లయు వెనుకకు రావలెను. యుద్ధరంగమున ఖాళీబల్లలను ఏరి తెచ్చు ఓపిక యెవరికిని ఉండదు. కొన్నాళ్లకు డిపోలో సరకు ఉండియు పేర్చుటకు బల్లలు లేని స్థితి వచ్చును. మూడవది, బాహువు, సిలిండర్లు, పంపులు తమ బరువుతో సరకు బరువును కొంత తినివేయును; చమురు గొట్టము ఒక్కటి పగిలినచో పదిహేను టన్నులు ఉన్నచోటనే యుండును. నాలుగవది, బల్లను దించుటకు లారీ వెనుక దాదాపు మరొక లారీ పొడవు చదునైన, గట్టినేల కావలెను.

ఈ నాలుగవదే మనదేశమునకు ముఖ్యమైనది. మన సైన్యము సరఫరాబాధ్యత మైదానములలో గాక అధికముగా హిమాలయపు కనుమలలో నున్నది. శీతకాలమున మంచు మూసివేయు జోజిలా వంటి దారులను వేసవిలోనే దాటి, లడఖులో నెలల తరబడి కావలసిన సరకును ముందుగా నిలువచేయుట ఏటేట జరుగు మహాకార్యము. 2020 జూన్ 15న గల్వాను లోయలో సూర్యాపేటవాసి కర్నల్ సంతోష్‌బాబు అమరుడైన దినమునుండి ఆ బాధ్యత ఎన్నో రెట్లు పెరిగినది. ఆ దారులలో మలుపులు ఇరుకు, వంతెనల తాహతు పరిమితము. పది చక్రముల దీర్ఘవాహనము అక్కడ భారమే గాని బలము గాదు. జబల్‌పూరులో 1959 ప్రాంతమునుండి తయారైన శక్తిమాన్, దాని తరువాత వచ్చిన అశోక్ లేలాండ్ స్టాలియను వంటి చిన్న, మధ్యరకపు లారీలే మన సేనకు వెన్నెముకగా నిలుచుట అజ్ఞానమువలన గాదు; భూగోళము విధించిన వివేకము వలన. ఆ లారీ కూడ పోజాలని చోటికి నేటికిని కంచరగాడిదలు, మానవుల వీపులు తప్ప గతిలేదు.

మన సైన్యము నడిమార్గమొకటి అవలంబించినది. 2015లో టాటా మోటార్సు నుండి 1,239 ఆరుచక్రముల లారీలను సుమారు 900 కోట్ల రూపాయలకు కొనుటకు ఒప్పందము చేసికొని, మరుసటి యేడు మరికొన్నింటిని కోరినది. వీనిపై సరకు ఎత్తి దించు క్రేను అమర్చియుండును. గుండ్ల కట్టలను, విడిభాగములను ఎత్తుకొనుట వీని పని. క్రేనునకును కొక్కెపుబాహువునకును భేదము గలదు. క్రేను ఒక్కొక్క కట్టను విడివిడిగా ఎత్తును, అందుచేత నెమ్మదియైనది. కాని ఇరుకు చోట, ఎగుడుదిగుడు నేలపై, ప్రక్కనుండి దించగలదు. కొక్కెము మొత్తమును ఒక్కమారే దించును. కాని దానికి చోటు కావలెను. కావున కొండలకు క్రేను, మైదానములకును తీరమునకును కొక్కెము అను విభాగము న్యాయమైనదని మా అభిప్రాయము. రైలు దిగు చోటునుండి కొండ పాదము వరకు గల మైదానపు డిపోలలో కొక్కెపులారీల నుపయోగించి, అచటినుండి క్రేను లారీలకు, ఆపై జంతువులకు అప్పగించినచో, ఎత్తుబడులలో పెద్దభాగము మనుష్యుని వెన్నునుండి తొలగును.

ఇది విదేశీవింత యని, మనకు లొంగని విద్య యని ఎవరైన శంకించుదురేమో. హైదరాబాదు వీథులలో చెత్తను తరలించు పెద్దవాహనములను గమనించినవారికి ఆ శంక నిలువదు. చెత్తను అణచియుంచిన భారీపెట్టెను కొక్కెముతో లాగి వీపునకెక్కించుకొని పోవు నగరపాలక సంస్థ హుక్‌లోడరు, బల్లను ఎత్తు సైనికశకటము ఒకే సూత్రమున నడచునవి. ఆ యంత్రమును నడుపగల డ్రైవర్లు, మరమ్మతు చేయగల మెకానిక్కులు మన నగరములలో ఇప్పటికే యున్నారు. లేనిది సంకల్పమే.

ఉత్తరాంధ్ర విషయమునకు వత్తము. మనకు శత్రుసేన సరిహద్దున లేదు; తుఫాను మాత్రము తప్పని అతిథి. 2013 అక్టోబరులో ఫైలిన్ గోపాల్‌పూరు కడ తీరము దాటుచు మన ఉత్తరకొసను కుదిపినది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపై విరుచుకుపడినది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస ప్రాంతమున తీరము దాటి ఉద్దానపు కొబ్బరిని, జీడిమామిడిని నేలమట్టము చేసినది. ఆ దినములను చూచినవారికి జ్ఞాపకముండును: మందస, సోంపేట, వజ్రపుకొత్తూరు, కవిటి గ్రామములలో అత్యవసరమైనవి మంచినీరు, బియ్యము, జనరేటర్లు, విద్యుత్ స్తంభములు. ఇవి జాతీయరహదారివరకు లారీలలో వచ్చినను, అక్కడినుండి పల్లెపల్లెకు పోయి, దించుటకు మనుష్యులు దొరకవలెను. దొరకవలసిన మనుష్యులే ఇండ్లు కూలి, చెట్లు పడి, తమ పిల్లలకు నీడ వెదకుకొనుచున్నవారు. స్తంభమొక్కటి దించుటకు క్రేనుకై కాచుకొనిన పల్లె, చీకటిలో మరొక రాత్రి గడుపవలసినదే.

టెక్కలి, పలాస, ఇచ్ఛాపురము వంటి చోట్ల నీటిశుద్ధి యంత్రమొక బల్లపై, జనరేటరు మరొకదానిపై, వంటశాల వేరొకదానిపై, స్తంభములు తీగెలు పనిముట్లు ఇంకొకదానిపై తుఫాను ఋతువునకు ముందే పేర్చి బిగించియుంచినచో, రెండు మూడు కొక్కెపులారీలు ఒక్క దినమున ఎన్ని గ్రామములకు వానిని చేర్చగలవో ఊహింపుడు. చేర్చిన లారీ అక్కడ నిలువదు. మరొక బల్లకై తిరిగిపోవును. గ్రామమున బల్లయే తాత్కాలికపు నీటికేంద్రమగును. పని ముగిసిన పిమ్మట ఆ బల్లను వెనుకకు తెచ్చి, నింపి, లెక్క వ్రాసి ఉంచుటయే ఇందు కష్టమైన భాగము; ఆ క్రమశిక్షణ లేనిచో మొదటి తుఫానుకు పనిచేసి రెండవ తుఫానునాటికి ఖాళీబల్లలపై గడ్డి మొలచును.

దీనికి తూర్పుతీరమున నౌకాబలపు అండ కూడ కలదు. విశాఖ కేంద్రముగా నుండు ఐ.ఎన్.ఎస్. జలాశ్వ, 2007లో మన నౌకాదళమున చేరిన ఉభయచర వాహకనౌక. రేవు లేని తీరమునకు సైతము చిన్నపడవలపై వాహనములను దింపగలది. 2019 నవంబరులో 'టైగర్ ట్రయంఫ్' అను పేర భారత, అమెరికా త్రివిధ దళములు విశాఖపట్నము, కాకినాడలలో విపత్తుసాయమును అభ్యసించినవి. 2024లోను 2025లోను ఆ విన్యాసము మరల జరిగినది. సంతబొమ్మాళి మండలమున మూలపేట రేవునకు 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగినది. నౌక, రేవు, రహదారి, గ్రామము అను నాలుగంచెలలో ఒకే కొలత గల బల్ల చేతులు మారకుండ ప్రవహించినచో, మధ్యలో ఎత్తుబడి దింపుబడి అను తెగుదల యుండదు. ఒక్కొక్క శాఖ తన కొలతతో తన పెట్టెను చేసికొన్నచో, నాలుగు శాఖల ఖర్చును వృథా.

కలాసీల బ్రతుకుతెరువు మాటయేమి యని అడుగువారుందురు, అడుగవలసినదే. గిడ్డంగులలో దినమెల్ల బస్తాలు మోసి పొట్టపోసికొను వేలమంది పనిని ఒక్కసారి యంత్రమునకు అప్పగించుట న్యాయము గాదు. కాని యుద్ధమునను తుఫానునను ప్రశ్న వేరు. అచట యంత్రము తొలగించునది కలాసీ కూలిని గాదు, సైనికుని అనవసరశ్రమను, బాధితుని నిరీక్షణను. ఆ యంత్రమును నడుపుట, బల్లలను పేర్చి బిగించుట, లెక్కలు చూచుట అను పనులలో కలాసీలకే మొదట శిక్షణ నిచ్చినచో, సరకు తూకము తెలిసినవారి అనుభవము వృథా కాదు. వారి వెన్నులును నిలుచును.

కావున మా అభిప్రాయము స్పష్టము. కొండలలో పెద్ద కొక్కెపులారీలకై తొందరపడనక్కరలేదు. మైదానపు సైనికడిపోలలో వానిని ప్రవేశపెట్టుటలో ఆలస్యమును కూడదు. రాష్ట్రప్రభుత్వము విపత్తునిర్వహణ నిధులలో కొంత తీసి, శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో ముందుగా పేర్చిన బల్లలతో ఒక చిన్న ప్రయోగము చేయవలెను. బల్లల కొలతను సైన్యము, నౌకాదళము, విద్యుత్ శాఖ, పౌరసరఫరా శాఖ నలువురును కూడి నిర్ణయింపవలెను. ఏ బల్లపై ఏమి యున్నదో వ్రాసిన పట్టిక ప్రతి తహశీల్దారు బల్లమీద ఉండవలెను. ఇందులో నేర్చుకొనవలసిన కొత్తశాస్త్రమేమియు లేదు, నిలుపుకొనవలసిన క్రమశిక్షణ మాత్రము కలదు. అక్టోబరు తుఫానులు మన తీర్మానములకై ఆగవు; ఈ యేటి బడ్జెటులోనే అధికారులు ఈ పనికి పూనుకొందురుగాక.